పెండ్లి పత్రికయు, వీసా పత్రమును

పొదిలి పొగాకు వేలము కేంద్రమునకు బేళ్ళు తెచ్చిన రైతు కన్నులు మూసికొని వాటిని అమ్మివేయడు. ఏ గ్రేడు పడినది, కిలోకు ఎంత ధర పలికినది, తూకము సరిగా ఉన్నదా అని మూడుమారులు చూచుకొనును. మార్కాపురము పలకల వ్యాపారి సరుకును విదేశమునకు పంపుటకు ముందు ఏ దేశమునకు ఏ కాగితములు కావలయునో విచారించి మరీ పంపును. కన్నబిడ్డ సరుకు కాదు. కావుననే ఆమెను ఖండాంతరము పంపునప్పుడు ఇంతకు పదింతలు విచారణ అవసరము. అయినను మనలో పెక్కుమంది "పిల్లవాడు అమెరికాలో ఉన్నాడు" అను ఒక్క మాటతోనే తృప్తిపడి ముహూర్తము నిశ్చయించుచున్నారు.

పొదిలి, కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు వర్షాభావమునకు పేరుపడినవి. పొలము నమ్ముకొని లాభము లేదని తలిదండ్రులు అప్పుచేసి అయినను బిడ్డలను చదివించిరి. ఆ బిడ్డలు హైదరాబాదు, బెంగుళూరు నగరములకును, అచటినుండి అమెరికాకును పోయి ఉద్యోగములు చేయుచున్నారు. దానితో పాటు విదేశీ సంబంధములు కూడ పల్లెల గడపలకు వచ్చినవి. మేము ఈ ప్రాంతపు గ్రామములకు పోయినప్పుడు ఒక పెద్దాయన ఇట్లు అడిగిరి: "అయ్యా, పిల్లవానికి వీసా ఉన్నదని మధ్యవర్తి చెప్పినాడు. తాళి కట్టినాక మా అమ్మాయికి కూడ అదే వీసా రాదా?" ఈ ప్రశ్నకు సమాధానమే ఈ పాఠము.

వివాహము వేరు, వీసా వేరు

వివాహము ఇద్దరు వ్యక్తుల మధ్య బంధము. వీసా ఒక ప్రభుత్వము ఒక వ్యక్తికి ఇచ్చు అనుమతి. మొదటిది జరిగినంత మాత్రమున రెండవది దానంతట అది రాదు. వివాహము వలన ఏ ద్వారము తెరువబడునన్నది ఎదుటివారికి ఆ దేశమున గల హోదాను బట్టి యుండును.

ఈ హోదాలు స్థూలముగా మూడు విధములు. మొదటిది తాత్కాలిక వీసా. చదువునకో, ఉద్యోగమునకో కొంతకాలము ఉండుటకు ఇచ్చునది. రెండవది శాశ్వత నివాసము. దీనినే గ్రీన్ కార్డు అందురు. మూడవది పౌరసత్వము. "అమెరికాలో ఉన్నాడు" అను మాట ఈ మూడింటికిని చెల్లును. కాని పెండ్లికూతురి భవిష్యత్తు ఈ మూడింటిలో మూడు రకములుగా ఉండును.

చట్టమునకును సంసారమునకును గల ఈ సంబంధము నేటిది కాదు. భీమవరమున జన్మించిన మహాశాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల తొలి ఏండ్లలో అమెరికా చేరిరి. 1948లో మరణించువరకు వారు తిరిగి స్వదేశము చూడలేదు. వారి సతీమణి శేషగిరి గారు భర్తను మరల కలిసికొనలేదు. వారు పోయిన కాలమున అమెరికా చట్టము భారతీయులకు పౌరసత్వము ఈయలేదు. 1946లో ఆ అడ్డంకి తొలగినను, సంవత్సరమునకు దాదాపు నూరుమంది భారతీయులకు మాత్రమే అచట స్థిరపడుటకు చోటు కల్పించిరి. 1965 నాటి చట్టముతో ఆ పాత పద్ధతి మారి, నేటి వలసకు దారి ఏర్పడినది. దారి విశాలమైనది గాని, దాని మలుపులు కూడ పెరిగినవి.

వరుడు తాత్కాలిక వీసాపై ఉన్నయెడల

మన పిల్లలలో ఎక్కువమంది అమెరికాకు విద్యార్థులుగా పోయి, తరువాత ఉద్యోగులగుదురు. విద్యార్థి వీసాను ఎఫ్-1 అందురు. విద్యార్థి భార్యకు వచ్చునది ఎఫ్-2. ఈ వీసాపై ఆమె ఉద్యోగము చేయరాదు. పూర్తికాలపు కళాశాల చదువు చదువవలెనన్న వేరుగ విద్యార్థి హోదా పొందవలెను.

ఉద్యోగికి వచ్చునది సాధారణముగా హెచ్-1బి. దీనిని ఒక్కొక్కమారు మూడేండ్ల వరకును, మొత్తముమీద ఆరేండ్ల వరకును ఇత్తురు. గ్రీన్ కార్డు దరఖాస్తు కొంత ముందుకు సాగినవారికి ఆరేండ్ల పైన పొడిగింపు ఇచ్చు ఏర్పాటు 2000 సంవత్సరపు చట్టములో ఉన్నది. హెచ్-1బి ఉద్యోగి భార్యకు హెచ్-4 వీసా వచ్చును. దీనిపై ఆమె చదువుకొనవచ్చును గాని, సామాన్యముగా ఉద్యోగము చేయరాదు. భర్త గ్రీన్ కార్డు కొరకు యజమాని వేసిన దరఖాస్తు ఆమోదింపబడియున్నచో, లేదా ఆ చట్టము క్రింద భర్తకు ఆరేండ్ల పైన పొడిగింపు వచ్చియున్నచో, భార్య పని అనుమతికై అర్జీ పెట్టుకొనవచ్చునని 2015 మే 26 నుండి ఒక నిబంధన అమలులోనికి వచ్చినది. అంతవరకు ఇంజనీరింగు పట్టభద్రురాలైనను ఆమె ఇంటిలో కూర్చుండవలసినదే.

మరియొక ముఖ్య విషయము. హెచ్-4 వీసా భర్త వీసాకు నీడ వంటిది. చెట్టు ఉన్నంతవరకే నీడ. భర్త ఉద్యోగము పోయినచో, క్రొత్త యజమానిని వెదకుకొనుటకో, హోదా మార్చుకొనుటకో, దేశము విడుచుటకో అతనికి సామాన్యముగా 60 దినముల వరకు గడువు లభించును. భార్యకును అంతే. విడాకులైనచో ఆమెకు హెచ్-4 హోదా ఉండదు. ఆ దేశమున ఆమె ఏండ్ల తరబడి కాపురము చేసినను ఈ నియమము మారదు.

కావున చదువుకొన్న అమ్మాయి తనంతట తాను విద్యార్థి వీసాగాని, ఉద్యోగ వీసాగాని పొందగలిగినచో అది మేలు. అప్పుడు ఆమె నీడలో నిలువక తన కాళ్ళపై నిలుచును. పెండ్లియైనంత మాత్రమున ఆమె తన వీసాను వదలుకొని భర్తపై ఆధారపడిన వీసాకు మారవలసిన పనిలేదు. అయితే హెచ్-1బి కోరిన వారందరికిని వచ్చునది కాదు. సంవత్సరమునకు 65,000 వీసాలు, అమెరికాలో పై చదువు చదివినవారికి అదనముగా 20,000 వీసాలు అని పరిమితి ఉన్నది. అర్జీలు అంతకు మించినప్పుడు అందరినీ తీసికొనక కొందరినే ఎంపిక చేయుదురు.

గ్రీన్ కార్డు నిరీక్షణ

"అయిదారేండ్లలో గ్రీన్ కార్డు వచ్చును" అని మధ్యవర్తులు చెప్పుట పరిపాటి. ఈ మాటను పరిశీలింతము. ఉద్యోగముల ద్వారా ఇచ్చు గ్రీన్ కార్డులు సంవత్సరమునకు సుమారు 1,40,000. భార్యాబిడ్డలకు ఇచ్చునవి కూడ ఈ లెక్కలోనివే. ఏ ఒక్క దేశములో పుట్టినవారికైనను సామాన్యముగా 7 శాతమునకు మించి ఈయరాదని నియమము. చిన్న దేశమునకును ఇదే పాలు, నూటనలుబది కోట్ల భారతదేశమునకును ఇదే పాలు. అందువలన మనవారి వరుస మిక్కిలి పొడవైనది. నేడు క్రొత్తగా వరుసలో నిలిచినవాడు అయిదారేండ్లలో బయటపడునని ఎవ్వరును హామీ ఈయజాలరు. ఈ నిరీక్షణలో బిడ్డలు 21 ఏండ్లు దాటినచో, తలిదండ్రులపై ఆధారపడిన హోదాను కూడ కోల్పోవు ప్రమాదమున్నది.

ఈ సందర్భమున రెండు సంగతులు తెలిసియుండుట మేలు. ఒకటి, ఈ లెక్కకు ఆధారము పౌరసత్వము కాదు, పుట్టిన దేశము. భార్య గాని భర్త గాని వేరొక దేశమున జన్మించినవారైనచో, దంపతులు ఆ దేశపు వరుసలో నిలుచుటకు చట్టము అవకాశమిచ్చుచున్నది. మన యువకుడు వేరు దేశమున పుట్టిన యువతిని వివాహమాడినచో, ఆమెయు తాత్కాలిక వీసాపైననే ఉన్నను, ఈ నియమము అతని నిరీక్షణను మిక్కిలి తగ్గింపవచ్చును.

రెండు, వివాహము జరిగిన తేదీ. ఉద్యోగము ద్వారా భర్తకు గ్రీన్ కార్డు వచ్చుటకు ముందే వివాహమైనచో, భార్య అతనితోపాటుగాని, అతని వెనుకగాని అదే దరఖాస్తు ఆధారముగ పోగలదు. గ్రీన్ కార్డు వచ్చిన మరునాడు వివాహమైనచో, భర్త ఆమె కొరకు వేరుగ అర్జీ పెట్టవలెను. ఆ అర్జీకి వేరే వరుస, వేరే నిరీక్షణ. ముహూర్తము ఒక్కవారము అటు ఇటు అయినందువలన దంపతులు ఏండ్ల తరబడి ఎడబాటు పొందుట సంభవింపవచ్చును. పంచాంగముతోపాటు ఈ తేదీని కూడ చూచుకొనవలెను.

వరుడుగాని, వధువుగాని పౌరులైనయెడల

అమెరికా పౌరుని భార్యకు, పౌరురాలి భర్తకు సంఖ్యా పరిమితి లేదు. వరుస లేకపోయినను విచారణకు కాలము పట్టును. పౌరులైన వారు ఐ-130 అను అర్జీ పెట్టి, వివాహము నిజమైనదని రుజువు చేయవలెను. పెండ్లికి ముందే తీసికొనిపోదలచినచో కె-1 అను వీసా ఉన్నది. ఇది పౌరులకు కాబోవు భార్యాభర్తలకు మాత్రమే. అర్జీకి ముందటి రెండేండ్లలో ఇద్దరును ఒకమారైనను ఎదురుపడి కలిసియుండవలెను. ఆ దేశము చేరిన 90 దినములలో వివాహమాడవలెను. ఈ నియమములకు మినహాయింపులు అరుదు.

చదువునకో, ఉద్యోగమునకో పోయిన మన యువకుడు అచటనే ఒక పౌరురాలిని వివాహమాడినచో, చట్టప్రకారము ఆ దేశమున ప్రవేశించియున్న యెడల, అచటనుండియే గ్రీన్ కార్డునకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ అర్జీ తేలకముందు, తల్లికి జబ్బు చేసినదని గాని, చెల్లెలి పెండ్లియని గాని, ముందస్తు ప్రయాణానుమతి పొందక స్వగ్రామమునకు వచ్చినచో, ఆ అర్జీని అతడు వదలుకొన్నట్లు భావింతురు. హెచ్-1బి వంటి కొన్ని వీసాలు సక్రమముగ నిలుపుకొన్నవారికి మినహాయింపు గలదు. కావున ఇంటివారు "వెంటనే బయలుదేరి రమ్ము" అని పట్టుపట్టుటకు ముందు, కుమారుని కాగితముల స్థితి విచారింపవలెను.

పెండ్లి చేసికొని ఉండిపోవలెనను ఉద్దేశముతో, ఆ సంగతి దాచి, సందర్శకుల వీసాపై పోవుట చట్టవిరుద్ధము. అధికారికి అబద్ధము చెప్పినట్లు తేలినచో ఆపై వచ్చు దారులన్నియు మూసికొనిపోవచ్చును.

వివాహమై రెండేండ్లు నిండకమునుపే వచ్చు గ్రీన్ కార్డు షరతులతో కూడినది. దాని గడువు రెండేండ్లు. ఆ గడువు ముగియుటకు ముందటి 90 దినములలో దంపతులిద్దరును కలిసి అర్జీ పెట్టి షరతులు తీసివేయించుకొనవలెను. ఈ తేదీ మరచిపోవుట కోరి కష్టము తెచ్చుకొనుట.

కాగితపు వివాహములు

వీసా కొరకే డబ్బు ఇచ్చి పెండ్లి చేసికొనవచ్చునని చెప్పు దళారులు కలరు. అమెరికా చట్టమున ఇది నేరము. అయిదేండ్ల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా విధింపవచ్చును. అంతేకాక, ఒకమారు దొంగ వివాహమని తేలినచో, తరువాత నిజమైన వివాహము చేసికొన్నను ఆ సంబంధము ఆధారముగా వీసా లభింపదు. అధికారులు దంపతులను ప్రశ్నింతురు. ఒకే ఇంటిలో నివసించుచున్నారా, ఖర్చు ఎట్లు జరుగుచున్నది, ఒకరి కుటుంబమును గూర్చి మరియొకరికి ఏమి తెలియును అని అడుగుదురు. నిజముగ సంసారము చేయువారికి ఈ ప్రశ్నలు కష్టము కావు.

కష్టము వచ్చినప్పుడు

ఒక ఉదాహరణ ఊహింతము. డిగ్రీ చదివిన అమ్మాయి హెచ్-4 వీసాపై పోయినది. ఆమె పాసుపోర్టు భర్త బీరువాలో ఉన్నది. బ్యాంకు ఖాతా లేదు, సంపాదన లేదు. భర్త కొట్టిన దినమున "నేను ఫిర్యాదు చేసినచో నన్ను వెనుకకు పంపివేయుదురు" అని భయపడి ఆమె నోరు మెదపదు. ఇచట పొదిలిలో తల్లి "ఓర్చుకొనుమమ్మా" అనును. ఈ భయమునకు ఆధారము అజ్ఞానమే.

వీసా ఎట్టిదైనను, హింసకు గురియైన స్త్రీ అచటి పోలీసులను పిలువవచ్చును. అత్యవసర సహాయమునకు అచటి టెలిఫోను సంఖ్య 911. పౌరులుగాని, గ్రీన్ కార్డుదారులుగాని హింసించినయెడల, బాధితులు వారి ప్రమేయము లేకుండగనే తమ కొరకు తామే అర్జీ పెట్టుకొను హక్కును 1994 నాటి చట్టము కల్పించినది. హెచ్-4 వంటి వీసాలపై ఉండి భర్త హింసకు గురియైన భార్యలు పని అనుమతి కోరవచ్చును. కొన్ని తీవ్రనేరములకు గురియై పోలీసు విచారణకు సహకరించినవారికి యు అను వేరొక వీసా ఉన్నది. మన రాయబార, కాన్సులేటు కార్యాలయములు కూడ భర్తలు విడిచిన భారత స్త్రీలకు తోడ్పడును. మన దేశములో జాతీయ మహిళా సంఘమువారు ఇట్టి ఫిర్యాదుల కొరకు ప్రత్యేక విభాగమును నడుపుచున్నారు. తల్లి చెప్పవలసిన మాట "ఓర్చుకొనుమమ్మా" అని కాదు, "నీ కాగితములు నీ వద్ద ఉన్నవా అమ్మా?" అని.

విదేశీ కోడలుగాని, అల్లుడుగాని మన ఊరికి వచ్చినయెడల

ఇంతవరకు పోవువారిని గూర్చి చెప్పితిమి. వచ్చువారు కూడ కలరు. విదేశీయులతో వివాహము మన దేశముననే జరుపదలచినచో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము ఉన్నది. వధూవరులలో ఒకరైనను ఆ జిల్లాలో 30 దినములు నివసించియుండవలెను. వివాహాధికారికి నోటీసు ఇచ్చి, 30 దినములు గడచిన పిమ్మట, ఆక్షేపణలు లేనిచో వివాహము నమోదగును. విదేశీయుల వీసా గడువు ఈ దినములకు సరిపోవునో లేదో ముందే లెక్క చూచుకొనవలెను.

భారత పౌరుని వివాహమాడిన విదేశీయులు ప్రవేశ వీసాపై ఇచట నివసింపవచ్చును. 180 దినములకు మించిన వీసాపై వచ్చినవారు చేరిన 14 దినములలో విదేశీయుల రిజిస్ట్రేషను అధికారి వద్ద నమోదు చేయించుకొనవలెను. వివాహము నమోదై, రెండేండ్లు ఎడతెగక నిలిచియున్నచో, విదేశీ భారత పౌరుల కార్డు, అనగా ఓ.సి.ఐ. కార్డు కొరకు అర్జీ పెట్టవచ్చును. పాకిస్తాను, బంగ్లాదేశ్ పౌరులకు ఇది వర్తింపదు. ఈ కార్డు గలవారు ఓటు వేయరాదు, వ్యవసాయ భూమి కొనరాదు. కోడలి పేర చేను కొనదలచిన రైతు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. వివాహము రద్దైనచో ఆ కార్డును కూడ రద్దు చేయవచ్చును. భారత పౌరసత్వము కోరువారు 1955 నాటి పౌరసత్వ చట్టము ప్రకారము ఏడేండ్లు ఇచట నివసించియుండవలెను. మనకు ద్వంద్వ పౌరసత్వము లేదు గనుక, తమ పూర్వ పౌరసత్వమును వదలుకొనవలెను.

నిశ్చితార్థమునకు ముందు చేయవలసినవి

1. వరుని వీసా ఏ రకమైనదో, గడువు ఎప్పటివరకో, గ్రీన్ కార్డు దరఖాస్తు ఏ దశలో ఉన్నదో కాగితము చూచి తెలిసికొనుడు. పౌరుడని చెప్పినచో పాసుపోర్టు చూడుడు. సంబంధము నిజమైనవారు చూపుటకు సంకోచింపరు.

2. పూర్వ వివాహములు, విడాకులు ఉన్నవేమో విచారింపుడు. విడాకులు పూర్తికాకమునుపు జరిగిన రెండవ వివాహము చెల్లదు. దానిపై వీసాయు రాదు.

3. వివాహమును తప్పక రిజిస్టరు చేయింపుడు. మన రాష్ట్రమున 2002 నాటి చట్టముననుసరించి వివాహముల నమోదు తప్పనిసరి. ఛాయాచిత్రములు, శుభలేఖ, సాక్షులు పెండ్లి జరిగినదని చెప్పును గాని, వీసా అధికారి మొదట అడుగునది రిజిస్ట్రేషను పత్రమే. పేర్లు, ఇంటిపేర్లు, పుట్టిన తేదీలు పాసుపోర్టులోను, పదవ తరగతి పత్రములోను, వివాహ పత్రములోను ఒకే రీతిగా ఉండవలెను.

4. "అమెరికా వీసా" అను పేరుతో కట్నము పెంచువారిని నమ్మకుడు. 1961 నాటి చట్టము ప్రకారము కట్నము ఇచ్చుటయు, తీసికొనుటయు నేరములే. గడువు గల కాగితమును చూపి పొలము వ్రాయించుకొనుట ఎట్టి న్యాయము?

5. అమ్మాయి తన పాసుపోర్టు, విద్యార్హత పత్రములు, వివాహ పత్రము తన స్వాధీనమున ఉంచుకొనవలెను. వాటి నకళ్ళు తలిదండ్రుల వద్దను ఉండవలెను.

6. వీసా నియమములు తరచు మారును. 2025 సెప్టెంబరులో వెలువడిన ఒక ప్రకటనచే, అమెరికా వెలుపల ఉన్నవారి కొరకు వేయు క్రొత్త హెచ్-1బి అర్జీలపై లక్ష డాలర్ల రుసుము విధింపబడినది. నిన్నటి నియమము నేడు ఉండకపోవచ్చును. కావున మధ్యవర్తి మాటపై ఆధారపడక, కాన్సులేటు వారి అధికార ప్రకటనలను, యోగ్యుడైన న్యాయవాదిని సంప్రదింపుడు. 2008 నుండి హైదరాబాదులో అమెరికా కాన్సులేటు పనిచేయుచున్నది.

విదేశీ సంబంధములు మంచివి కావని మేము చెప్పుటలేదు. కరవు ప్రాంతపు బిడ్డలు సముద్రములు దాటి గౌరవముగా జీవించుట మనకందరికిని గర్వకారణము. అనేకులు అన్యోన్యముగ కాపురములు చేసికొనుచు ఊరికి పేరు తెచ్చుచున్నారు. ఆ కాపురములు ఒక దినమున తేదీ చెల్లిన కాగితము వలన కూలిపోరాదనునదే మా కోరిక.

మమ్ము ప్రశ్నించిన పెద్దాయనకు మేము ఇచ్చిన సమాధానము ఇది: "అయ్యా, మీ అమ్మాయికి అబ్బాయి వీసా రాదు. ఆ వీసాకు నీడ మాత్రమే వచ్చును. చెట్టు ఎంత గట్టిదో వేళ్ళవరకు చూచి, ఆపైన పందిరి వేయుడు." ఆయన కొంతసేపు ఆలోచించి, "అయితే ముందు కాగితము చూపమని అడుగుదును" అనిరి. ప్రతి తండ్రియు అడుగవలసిన మాట అదియే.